నలభై నాలుగో మనిషి

రిజిస్టర్లో ఉన్నది నలభై మూడు మంది. ఇద్దరిద్దరిని కూర్చోబెడితే చివర ఒకతె ఒంటరిగా మిగలాలి. ఎవరూ మిగల్లేదు.

ఫ్లోరెన్స్ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. సాయంత్రం ఐదున్నర. నక్కలమెట్ట మహిళా సబ్‌జైలు ముంగిట్లో ఆడవాళ్ళు జంటలు జంటలుగా గొంతుక్కూర్చుని ఉన్నారు. ఆమె ఒక్కో జంట వైపు లాఠీ కొసతో చూపిస్తూ, పెదాలు కదుపుతూ నడిచింది. ఇరవై రెండు జంటలు. కూర్మన్నపాలెం వైపు నుంచి స్టీల్ ప్లాంటు దుమ్ము గాలికి వచ్చి గోడల మీద, ఆరేసిన చీరల మీద, ఆడవాళ్ళ తలల మీద సన్నగా ఎర్రగా పేరుకుంటోంది. ఆ వెలుతురులో అందరి మొహాలూ ఒక్కలాగే కనిపించాయి.

శ్రీకాకుళం నుంచి వార్డర్‌గా బదిలీ అయి వచ్చి నాలుగు రోజులే అయింది. ఇక్కడ ఒంటరిగా లాకప్ చెయ్యడం ఇదే మొదలు. లెక్క తప్పడం తన వల్లేనేమో అనుకుని మూడోసారి కూడా చూసింది. నలభై నాలుగు.

గేటు దగ్గర బల్ల ముందు హెడ్ వార్డర్ నాగమణి కళ్ళజోడు పైట చెంగుతో తుడుచుకుంటోంది. ఫ్లోరెన్స్ వెళ్ళి సంగతి చెప్పింది.

"తక్కువొస్తే సెప్పు, పరిగెడతాను," అంది నాగమణి తలెత్తకుండానే. "ఎక్కువొస్తే ఏటవుద్ది? జైల్లోకి గోడ దూకి ఎవులైనా వత్తారేటి? నలభై మూడని రాసీ."

ఫ్లోరెన్స్ రాసింది. సంతకం పెడుతున్నప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆడవాళ్ళు బారక్‌లోకి వెళ్తున్నారు. చివరి జంటలో ఒకతె అసిరమ్మ, చూపు సరిగా ఆనని ముసలమ్మ. ఆమె పక్కన నడుస్తున్న మనిషికీ ముందున్న వాళ్ళకీ మధ్య నాలుగడుగుల జాగా ఉంది. ఆ జాగాలోకి ఎవరూ అడుగు పెట్టడం లేదు.

తలుపు వేసే ముందు అన్నం పళ్ళేలు లోపలికి చేరాయా లేదా చూడ్డం వార్డర్ పని. అన్నీ చేరాయి. ఒక్క పళ్ళెం మాత్రం గుమ్మం పక్కన, గోడ మూల, నేల మీద విడిగా పెట్టి ఉంది. అన్నం, పప్పుచారు. అన్నం మీద చిన్న బొగ్గు ముక్క. చిన్నప్పుడు ఎవరైనా అన్నం గిన్నె వీధిలోంచి పట్టుకెళ్తుంటే గాలీ ధూళీ సోకకుండా దాని మీద బొగ్గు ముక్క వెయ్యడం ఫ్లోరెన్స్ చూసింది. జైల్లో ఎవరి గాలికి భయపడ్డారో అర్థం కాలేదు. చూస్తుండగానే ఒక చెయ్యి వచ్చి ఆ పళ్ళేన్ని చీకట్లోకి లాక్కుంది.

మర్నాడు పొద్దున్న తాళం తీశాక ఆమె తలలు లెక్కపెట్టలేదు. రిజిస్టర్ తెరిచి పేర్లు చదివింది. పేరు విన్నవాళ్ళు లేచి కుళాయి వైపు వెళ్ళాలని చెప్పింది. ఒక్కొక్కరే లేచారు. ఎక్కువమంది గంజాయి కేసులవాళ్ళే. కొండల మీంచి మూటలు దింపుతూ బస్సుల్లో, రైలు పెట్టెల్లో పట్టుబడ్డవాళ్ళు. తక్కినవాళ్ళు నాటుసారా కేసులు, రెండు చిన్న దొంగతనాలు. నలభై మూడో పేరు చదివి ఆమె తలెత్తింది.

ఒక మనిషి ఇంకా కూర్చునే ఉంది.

ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. ముక్కుకు రెండు వైపులా, మధ్యలోనూ పుడకలు తీసేసిన రంధ్రాలు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని రిజిస్టర్ వంకే చూస్తోంది. అందులో ఇంకా ఏదో పేజీ ఉందనీ, ఫ్లోరెన్స్ దాన్ని తిప్పుతుందనీ ఎదురుచూస్తున్నట్టుంది.

"నీ పేరేటమ్మా?" అని అడిగింది ఫ్లోరెన్స్.

ఆ మనిషి మెల్లగా తల తిప్పి తన వెనక్కి చూసింది, అడుగుతున్నది వెనకున్న మరెవరినో అన్నట్టు. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

కుళాయి దగ్గర బిందెల చప్పుడు ఆగిపోయింది. ఆడవాళ్ళందరూ ఇటే చూస్తున్నారు. సూర్యకాంతమ్మ ఒక్కతే కదిలింది. నాటుసారా కేసులో మూడోసారి లోపలికి వచ్చిన మనిషి, అరవై ఏళ్ళది, బారక్‌లో పెద్దదిక్కు. తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫ్లోరెన్స్‌ని వంటశాల చాటుకు తీసుకెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది.

ఆ మనిషి కొండ మనిషి. పేరు కిల్లో దొయిమతి. గంజాయి మూటతో పట్టుబడి ఆర్నెల్లు ఇక్కడే ఉంది. తెలుగు అంతంతమాత్రం, కానీ మంచి మనిషి, అందరికీ జడలు వేసేది. జ్వరం తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రెండు రోజుల తర్వాత ఆఫీసు గుమస్తా బారక్ గుమ్మం దగ్గర నిలబడి, దొయిమతి పోయింది, పేరు కొట్టేశాం, దాని దుప్పటీ పళ్ళెమూ అప్పగించండి అన్నాడు. బారకంతా ఏడ్చింది. ఆ పూట ఎవరూ అన్నం ముట్టలేదు.

"సందేళకి ఆ గుమ్మంలోంచి నడిచొచ్చేసిందమ్మా," అంది సూర్యకాంతమ్మ. "అడుగు సప్పుడు కూడా నేదు. వచ్చి ఎప్పుడూ పడుకునే సోటే పడుకుంది. మర్నాడు పేర్లు పిలిస్తే దాని పేరు పిలవలేదు. ఆ మర్నాడూ పిలవలేదు. నెల దాటిపోనాది. మరి బతికున్న మనిషైతే పిలవరేటి?"

ఫ్లోరెన్స్ నవ్వబోయి ఆగిపోయింది. సూర్యకాంతమ్మ ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

మధ్యాహ్నం తక్కినవాళ్ళు నీడన చేరి విస్తళ్ళు కుడుతున్నారు. దొయిమతి ఒక్కతే ముంగిలి ఊడుస్తోంది. ఎవరూ చెయ్యమని చెప్పిన పని కాదు. చీపురు నేలకు ఆనీ ఆనకుండా, రాలిన వేపాకులను ఒక వరసలో పెడుతున్నట్టు ఊడుస్తోంది. ఆమె దగ్గరకొస్తే ఆడవాళ్ళు కుడుతున్న విస్తరి వదిలేసి కాళ్ళు ముడుచుకుంటున్నారు. ఫ్లోరెన్స్ పదిహేనేళ్ళ ఉద్యోగంలో కొట్లాటలు చూసింది, ఉరి తాళ్ళు కోసి దింపింది. ఇంత నెమ్మదిగా, ఇంతమంది కలిసి ఒక మనిషిని లేనట్టు చెయ్యడం ఎప్పుడూ చూడలేదు. ఆదివారం గుడిలో నేర్చిన ప్రార్థన ఒకటి తనకు తెలియకుండానే నాలుక మీదికి వచ్చింది.

దగ్గరికి వెళ్ళి నిలబడింది. దొయిమతి చీపురు ఆపింది. చాలాసేపు ఫ్లోరెన్స్ బూట్ల వైపు చూసి, మాటలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ అడిగింది.

"అమ్మా, ఆసుపత్రిలో నాను సచ్చిపోనానా?"

అడగడంలో ఏడుపు లేదు. బస్సు వెళ్ళిపోయిందా అని అడిగినట్టు అడిగింది. ఫ్లోరెన్స్ లేదు అనడానికి నోరు తెరిచింది గాని, ఎలా తెలుసని అడిగితే ఏం చూపించాలో తెలియలేదు. చేతిలో ఉన్న రిజిస్టర్లో ఆ మనిషి లేదు.

మూడో రోజు పదకొండు గంటలకు ఏజెన్సీ స్టేషను నుంచి కామరాజు అనే కానిస్టేబుల్ వచ్చాడు. తెల్లవారుజామునే కొండ దిగి బయల్దేరాడట, చొక్కా వీపుకు అంటుకుపోయింది. గేటు బల్ల దగ్గర మంచినీళ్ళు తాగి, మడత పెట్టిన కాగితం తీశాడు. కిల్లో దొయిమతి ఎప్పుడు విడుదలైంది, వెళ్ళేటప్పుడు ఏ చిరునామా ఇచ్చింది, రాసివ్వాలన్నాడు.

నాగమణి విడుదలల రిజిస్టర్ తెరిచి తారీకు చదివింది. నెల మీద పది రోజులయింది. నూట ఎనభై రోజులైనా పోలీసులు చార్జిషీటు వెయ్యలేదు కాబట్టి కోర్టు బెయిలిచ్చింది. ప్రతి సోమవారం స్టేషనుకు వచ్చి సంతకం పెట్టాలన్నది షరతు.

కామరాజు చెప్పుకుపోయాడు. ఒక్క సోమవారమూ రాలేదు. ఐదు వారాలు చూసి కోర్టు బెయిలు రద్దు చేసింది, వారెంటు ఇచ్చింది. ఊరికి వెళ్తే అసలు ఇంటికే రాలేదంటున్నారు. అంతా కూడబలుక్కుని అబద్ధాలు చెబుతున్నారు. నిన్న దాని తమ్ముణ్ణి తెచ్చి స్టేషన్లో కూర్చోబెట్టారు. అక్క దొరికేదాకా వాడు అక్కడే.

కిటికీ అవతల ముప్పై అడుగుల దూరంలో చీపురు చప్పుడు వినిపిస్తోంది. కామరాజు ఒకసారి అటు చూశాడు కూడా. చూసి, మళ్ళీ నీళ్ళ గ్లాసు ఎత్తుకున్నాడు. నాగమణి రాసిచ్చింది. రాస్తున్నంతసేపూ ఆమె కిటికీ వైపు చూడలేదు. ఫ్లోరెన్స్ ఆమెనే చూస్తూ నిలబడింది.

అతను వెళ్ళాక అడిగింది. నాగమణి మొదట కసిరింది, తర్వాత కుర్చీలో కూలబడి అంతా చెప్పింది. బెయిలు కాగితం వచ్చిన రోజు దొయిమతి ఆసుపత్రిలో ఉంది. అక్కణ్ణించే వదిలెయ్యమని గుమస్తా కాపలావాళ్ళకు కబురు పంపి, ఇక్కడ విడుదల రాసేసి, పోయిందని బారక్‌లో చెప్పి, పై ఆఫీసుకు రిపోర్టు పంపేశాడు. కబురు చేరేలోపే కాపలావాళ్ళు ఆమెను వ్యానెక్కించి బయల్దేరారు. సాయంత్రం గేటు దగ్గర నాగమణే దింపుకుంది. రేపు సరిచేద్దాం అన్నారు. రేపు సరిచెయ్యాలంటే విడుదలైన మనిషిని మళ్ళీ జైల్లో పెట్టామని రాయాలి. ఎవరు రాస్తారు? ఇంటివాళ్ళెవరైనా వస్తే పంపేద్దాం అనుకున్నారు. ఎవరూ రాలేదు.

"నాకింక నాలుగు నెల్లే సర్వీసు," అంది నాగమణి. "పిలుద్దామని నోటిదాకా వచ్చీది. పిలిస్తే ఉన్నట్టు గదా. రోజు గడిసేకొద్దీ పిలవడానికి నాకే భయమేసింది, ఫ్లోరీ. ఇప్పుడు దాన్ని సూత్తే నాకూ ఒళ్ళు జలదరిస్తాది."

జైలర్ శ్రీరామ్మూర్తి అంతా విని, తలుపు దగ్గరికి వేసి, ఫ్లోరెన్స్‌ను కూర్చోమన్నాడు. రేపు జడ్జి గారు వస్తున్నారు, లా కాలేజీ పిల్లల చర్చా కార్యక్రమం ఉంది. అది అయిపోగానే ఆ మనిషిని గేటు దాటించి బస్సెక్కిస్తాం అన్నాడు. రాతకోతలేమీ వద్దు. ఆమెకు కావలసింది బయటికి వెళ్ళడమే కదా.

బయట వారెంటుంది, బస్సు దిగగానే పట్టుకుంటారు, ఇన్నాళ్ళూ ఎక్కడున్నావంటే జైల్లోనే ఉన్నానంటుంది, ఎవరు నమ్ముతారు అని అడిగింది ఫ్లోరెన్స్.

"అది పోలీసుల పనమ్మా," అన్నాడు శ్రీరామ్మూర్తి. "మన గోడ లోపలిదే మన పని."

ఆ సాయంత్రం ఇంట్లో భర్త యోహాన్ ప్లాంటు నుంచి వచ్చి స్నానం చేసి, తల తుడుచుకుంటూ విన్నాడు. అతను మెత్తని మనిషే, కానీ గంజాయి మాటెత్తితే మెత్తదనం పోతుంది. చర్చి సంఘంలో గ్రేసీ గారి కొడుకు ఆ మత్తులోనే బండి డివైడర్‌కు గుద్ది చనిపోయాడు. శవపెట్టె మొయ్యడానికి భుజం పట్టినవాళ్ళలో యోహాన్ ఒకడు. మోసేవాళ్ళు లేకపోతే సరుకు కొండ దిగదు, ఒక్కొక్కరికీ ఇరవయ్యేళ్ళు వేసినా తప్పులేదు అన్నాడు. మొన్నటిదాకా ఫ్లోరెన్స్ మాటా అదే. ఇప్పుడూ కాదనలేదు.

"ఎన్నేళ్ళైనా ఎయ్యండి," అంది. "ఏసిన మనిషి పేరైనా పిలవాలి గదండీ."

యోహాన్ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. నీకెందుకొచ్చిన గొడవ అనలేదు. జాగ్రత్త అని మాత్రం అన్నాడు.

మర్నాడు పదింటికల్లా ముంగిట్లో షామియానా వేశారు. న్యాయ సేవల తరఫున జడ్జి జ్యోతిర్మయి గారు వచ్చారు. నలభై అయిదేళ్ళ మనిషి, ముతక నేత చీర, మాట తక్కువ. ఖైదీలు నేల మీద వరసల్లో కూర్చున్నారు. చివర దొయిమతి, ఆమె చుట్టూ ఎప్పటిలాగే ఖాళీ.

చర్చ గంజాయి మోసేవాళ్ళకు పదేళ్ళ కనీస శిక్ష ఉండాలా వద్దా అన్నదాని మీద. ఉండాలి అన్నవైపు సింహాద్రి అనే కుర్రాడు మాట్లాడాడు. పెందుర్తి దగ్గర తన సొంత ఊళ్ళో ఎనిమిదో తరగతి పిల్లల సంచుల్లో పొట్లాలు దొరికాయని చెప్పాడు. గొంతు వణికింది, అది అభినయం కాదు. వద్దు అన్నవైపు అక్సా అనే అమ్మాయి. పండించమని విత్తనమిచ్చినవాడూ, కొని అమ్మేవాడూ ఏ జైల్లోనూ కనిపించరనీ, కూలికి మూట మోసిన ఆడమనిషే దొరుకుతుందనీ, మనం నడుపుతున్నది శిక్ష కాదు, కూలీల గిడ్డంగి అనీ అంది. ఖైదీలు ఇద్దరికీ ఒకేలా చప్పట్లు కొట్టారు. తమ గురించే అని కొందరికి తెలియనే లేదు.

మీలో ఎవరైనా చెబుతారా అని జడ్జి అడిగారు. సూర్యకాంతమ్మ లేచింది. "నాను కుండలో కాస్తే కేసు, గవర్నమెంటు సీసాలో పోస్తే షాపు. మా ఆయన సచ్చింది షాపు సరుకు తాగేనమ్మా," అని కూర్చుంది. విద్యార్థులు నవ్వారు. జడ్జి నవ్వలేదు, కాగితం మీద ఏదో రాసుకున్నారు.

కార్యక్రమానికి ఎంతమంది హాజరయ్యారో రిపోర్టులో వెయ్యాలని గుమస్తా ఒక కాగితం తెచ్చాడు. నలభై మూడు అని ముందే టైపు చేసి ఉంది. డ్యూటీలో ఉన్న వార్డర్ సంతకం చెయ్యాలి. ఫ్లోరెన్స్ కలం తీసుకుంది. మూత తీసింది. మళ్ళీ పెట్టింది. బల్ల దగ్గర్నుంచి ఆ చివరి వరసదాకా ఇరవై అడుగులు కూడా ఉండవు గాని, ఒక్కొక్కటీ లెక్కపెడుతూ నడిచింది. దొయిమతి ముందు ఆగి చెయ్యి చాపింది. ఆ మనిషి అందుకోలేదు. ఫ్లోరెన్సే వంగి మణికట్టు పట్టుకుంది. క్షణంపాటు, ఏమీ తగలదేమోనని నిజంగా భయపడింది. వేడిగా, ఎముక మీద చర్మం గరుగ్గా, నాడి గబగబా కొట్టుకుంటూ తగిలింది. లేపి నిలబెట్టింది.

"మేడమ్," అంది. "ఈవిడ పేరు కిల్లో దొయిమతి. ఇక్కడ నలభై నాలుగు మంది ఉన్నారు. రిజిస్టర్లో నలభై ముగ్గురే."

శ్రీరామ్మూర్తి చిరునవ్వుతో లేచి, ఈ వార్డరు కొత్తగా వచ్చింది, లెక్కల్లో పొరపడింది, తర్వాత సరిచూస్తాం అన్నాడు. జడ్జి ఖైదీల వైపు చూసి ఈమె మీకు తెలుసా అని అడిగారు. ఒక్కరూ పలకలేదు. సూర్యకాంతమ్మ తల దించుకుంది. ఫ్లోరెన్స్ చేతిలో ఆ మణికట్టు చల్లబడుతున్నట్టనిపించింది. ఇంకొక్క నిమిషం ఇలాగే గడిస్తే ఈ మనిషి నిజంగానే లేకుండా పోతుందనిపించింది.

గేటు దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది. నాగమణి లేచి వచ్చింది. టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

"లెక్క తప్పలేదమ్మగారూ," అంది. "ఆ రోజు వ్యాను దిగినప్పుడు గేటు తీసింది నానే. నలభై దినాలుగా ఆ పేరు పిలవనిదీ నానే."

తర్వాత పనంతా కాగితాలదే. జడ్జి రిజిస్టర్లన్నీ తెప్పించుకున్నారు. గుమస్తాను ఒక పక్క కూర్చోబెట్టారు. దొయిమతికి ఎదురుగా కుర్చీ వేయించి, ఆమె ఒడియా మాటల్ని తెలుగులో చెప్పడానికి ఆ భాష వచ్చిన ఖైదీని పిలిపించారు. మధ్యాహ్నం దాటాక ఫ్లోరెన్స్‌ను పిలిచి చెప్పారు. ఈమెను ఇవాళ వదిలితే వారెంటు మీద రేపు పట్టుకుంటారు. ఆ వారెంటు ఇచ్చిన కోర్టే దాన్ని వెనక్కి తీసుకోవాలి. అది తీసుకునేదాకా ఈమె ఎక్కడుందో చట్టానికి తెలియాలి. కాబట్టి ఈమెను ఇప్పుడు, ఈ తారీకున, రిజిస్టర్లో చేర్చండి.

బయటికి పంపాలంటే ముందు జైల్లో పెట్టాలన్నమాట. ఫ్లోరెన్స్ రాసింది. సాయంత్రం పేర్లు పిలుస్తూ చివరికొచ్చి, కిల్లో దొయిమతి, అంది. ఉన్నాను అని చెప్పడానికి దొయిమతికి రెండుసార్లు గొంతు సరిచేసుకోవలసి వచ్చింది.

వారెంటు రద్దు కాగితం రావడానికి మూడు రోజులు పట్టింది. తమ్ముణ్ణి అంతకు ముందురోజే వదిలేశారు. నాగమణినీ గుమస్తానూ విచారణ పూర్తయ్యేదాకా విధుల్లోంచి తప్పించారు. పై అధికారికి చెప్పకుండా నేరుగా జడ్జికి చెప్పినందుకు సంజాయిషీ ఇవ్వాలని ఫ్లోరెన్స్‌కు మెమో వచ్చింది. శ్రీరామ్మూర్తి దాన్ని ఆమె చేతికిస్తూ మొహం చూడలేదు. నాగమణి గేటు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, తన తాళాల గుత్తి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

దొయిమతి విడుదలైంది ఉదయం ఏడున్నరకు. తమ్ముడు కొండ దిగి రావడానికి మధ్యాహ్నమవుతుందని, ఫ్లోరెన్సే బస్సు దాకా తోడు వెళ్తానంది. చిన్న గేటు తీసింది. దొయిమతి గడప మీద ఆగిపోయింది. మీరు ముందు నడవండమ్మా అన్నట్టు చేత్తో చూపించింది. ఫ్లోరెన్స్ బయట అడుగుపెట్టి నిలబడ్డాక, ఒక కాలు, తర్వాత రెండోది, నీళ్ళలో దిగుతున్నట్టు బయట పెట్టింది.

ఎండ సముద్రం వైపు నుంచి ఏటవాలుగా పడుతోంది. దొయిమతి రోడ్డు పక్కన నిలబడి నేల వైపు చూస్తోంది. ఆమె నీడ తారు మీద పొడుగ్గా, సన్నగా, అవతలి అంచు దాకా పరుచుకుని ఉంది. చెయ్యి కొద్దిగా ఎత్తింది. నీడా ఎత్తింది.

ప్లాంటు వైపు నుంచి బూడిద లారీ ఒకటి హారను కొడుతూ వచ్చి ఆ నీడ మీదుగా వెళ్ళిపోయింది. దొయిమతి ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కుంది. లాక్కుని, ఆ కాలి వైపు చూసుకుని, ఫ్లోరెన్స్ వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.